తండ్రి లేనివాడికే గొర్రె తల

పోయిన వారం ఆ పళ్లేన్ని గాల్లో వదిలేసి నా దారిన నేను పోయాను. కులాష్ రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న పళ్లెం, అందులో ఉడికిన గొర్రె తల, ఆ తల చూపు తిన్నగా రత్నాకర్ మీద. వారం రోజులుగా ఆ పెద్దావిడ అట్లాగే నిలబడి ఉంది. మీరేమో హాయిగా తిని పడుకున్నారు. ఇంకొకరైతే ఈపాటికి చేతులు జారేవి. మంచులో గొర్రెపిల్లను చంకన పెట్టుకుని కోసుల దూరం నడిచిన మనిషి కాబట్టి పళ్లెం వణకలేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్లు ఆలోగా టీ తాగి రండి.

కులాష్‌ది కజకిస్తాన్. కంటికి ఆనినంత మేరా గడ్డి తప్ప ఇంకేమీ కనబడని మైదానం. అక్కడి గాలి గురించి ఆవిడ కొడుకు సెరిక్ చెప్పిందే చెబుతున్నాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం: గడ్డమున్న మగాడు ఒక ఊళ్లో బయలుదేరితే, గడ్డం ముందుగా పై ఊరు చేరి, అతను వచ్చేసరికి టీ పెట్టించి ఉంచుతుందట. అంతటి గాలిలోనూ కులాష్ మందకు ఒక దిక్కు ఉంది. అది ఆమె చలికాలపు దొడ్డి. గట్టు చాటున ఒక లోయ, మంచును గిట్టలతో గీకితే కింద గడ్డి దొరికే చోటు. సర్కారు నుంచి దీర్ఘకాలం కౌలుకు ఆవిడ పేరు మీదే ఉంది. గల్ఫ్ పశువుల కోసం బయటి దేశాల్లో మేత పండించి తెచ్చే ఒక కంపెనీ కన్ను దాని మీద పడింది. పరదేశీలకు సాగుభూమి కౌలుకివ్వడం అక్కడి చట్టం ఒప్పుకోదు. అందుకని పేరు ఆవిడదే ఉంటుంది, దున్నుకునేది కంపెనీ. ఆవిడ సరే అనాలి, అంతే. ఆ ఒక్క మాట కోసం ఆవిడను విమానమెక్కించి షార్జాకు తెచ్చినవాడు కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, రత్నాకర్, మన జగిత్యాల వైపు దొరల బిడ్డ.

ఆ మాట కోసమే నోరు తెరుచుకుని చూస్తున్నవాడు ఇంకొకడున్నాడు. మల్లేశ్. షార్జా పక్కన సజ్జాలో మట్టి తోడే షావెల్ బండి నడిపేవాడు. సైటు మూతపడింది, నెలాఖరుకు వీసా ఖలాస్. కజకిస్తాన్‌కు ట్రాక్టర్లు నడపడానికి రత్నాకర్ తీసుకుపోయేవాళ్లలో అతని పేరే ముందు. అతనికి పిల్లనిచ్చిన మామ లచ్చన్న, సజ్జా శివార్లలోని ఇజ్బాలో, అంటే అరబ్బు ఆసామి గొర్రెల కొట్టంలో, కాపరి. విందు జరుగుతున్నదీ అక్కడే. సెరిక్‌ది ఆ పక్కనే గుర్రాల కొట్టంలో పని. గుర్రాలు కడిగే మనవాళ్ల దగ్గర హిందీ నేర్చాడు కాబట్టి తల్లి మాటలు అతని నోటి నుంచే మనకు చేరాలి.

గొర్రె కంపెనీదే అయినా వండింది తాను కనుక ఈ విందుకు యజమానురాలిని తానేనంది కులాష్. వాళ్లలో విందు పెట్టే మనిషి గొర్రె తలను అందరిలోకి పెద్ద అతిథి ముందు పెడతారు. తల అందుకున్నవాడి మాటకు ఆ పూట విలువ ఎక్కువ. ఒక్కటే షరతు. తండ్రి బతికున్నవాడు ఆ తలను ముట్టడు. తండ్రి ఉండగా ఇంటికి పెద్దనని కొడుకు ముందుకు రాకూడదని వాళ్ల లెక్క. ఇదంతా సెరిక్ ముందే వివరంగా చెప్పాడు. రత్నాకర్ సెల్‌ఫోన్ చూసుకుంటూ తలూపాడు. ఇప్పుడు కులాష్ పళ్లెం ఎత్తి అడిగిన మాటను సెరిక్ హిందీలోకి తిప్పాడు.

"సాబ్, బాప్ హై క్యా నహీ?"

ఇక్కడే మనం ఆగింది.

రత్నాకర్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. విమానాశ్రయంలో సామాన్లో ఏముందని అడిగితే ఏమీ లేదని చెప్పినంత తేలిగ్గా, "నహీ," అన్నాడు. "గుజర్ గయే."

అతిథులను కూర్చోబెట్టే ఆ మజ్లిస్ గుడారంలో ఉన్న మనవాళ్లిద్దరి ముఖాలు చూడాల్సింది. మల్లేశ్ నోట్లో పెట్టుకున్న రొట్టె ముక్క నమలడం మరిచిపోయాడు. లచ్చన్న చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయింది, ఇలాంటి మాట చెవిన పడనే కూడదన్నట్టు. ఎందుకంటే రత్నాకర్ తండ్రి వీరరాఘవరావు దొర పోలేదు. పోవడం మాట అటుంచి, విజిట్ వీసా మీద వచ్చి అజ్మాన్‌లో కొడుకు ఫ్లాట్‌లో నిక్షేపంగా ఉన్నాడు. డాక్టరు మేకపాలు తాగమన్నాడని రోజూ పొద్దున్నే పాలు పంపేది లచ్చన్నే. కొట్టం వ్యాను అజ్మాన్ వైపు పోతే తానే ఎక్కి వెళ్లి, గ్లాసులో పోసి ఇచ్చి మరీ వచ్చేవాడు.

పళ్లెం రత్నాకర్ ముందు దిగింది. కత్తి పిడి అతని వైపు తిరిగింది. అతను చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఆ అత్తరు వాసనకు గుడారంలోని ఈగలు కూడా మర్యాదగా బయటికి నడిచాయి.

"ఆగు," అంది కులాష్. కోసే ముందు తన భూమి సంగతి వినమంది. ఆవిడ చెబుతూ పోయింది, సెరిక్ తిప్పుతూ పోయాడు. నేను మీకు మన భాషలో ఇస్తున్నాను, అక్కడక్కడా నా చేతి ఉప్పు పడి ఉంటే క్షమించండి.

ఆ మైదానంలో మొదట మంద వెనక మనిషి నడిచేవాడు. ఎండాకాలం ఒక చోట, చలికాలం ఒక చోట. ఇల్లు మడిచి గుర్రం మీద వేసుకుని పోయేవాళ్లు. తర్వాత పై నుంచి హుకుం వచ్చి మందలు లాక్కున్నారు, జనాన్ని ఒక్క చోట కుదురుగా కూర్చోమన్నారు. కూర్చున్నవాళ్లలో చాలామంది ఆకలితో మళ్లీ లేవలేదు. ఆ తర్వాత రైళ్లు వచ్చాయి. జర్మన్లు, కొరియావాళ్లు, చెచెన్లు. ఎవరినీ అడగకుండా మూటల్లా తెచ్చి మంచులో దింపారు. ఊరివాళ్లు తమ దగ్గర ఉన్న కాస్త ఎండు పెరుగు ముద్దలు వాళ్లతో పంచుకున్నారు. ఆ పైన పాటలు పాడుకుంటూ ఇంకొందరు వచ్చారు, ట్రాక్టర్లతో. గడ్డినంతా దున్నేశారు. ఒకటి రెండేళ్లు గోధుమ బంగారంలా పండింది. తర్వాత గాలి లేచి దున్నిన మన్నంతా ఎత్తుకుపోయింది. పక్కూరి ముసలాయన తన చేను మన్ను కోసం వెతుక్కుంటూ పోతే అది ఇంకో జిల్లాలో ఒకరి పైకప్పు మీద దొరికిందట. ఇది మాత్రం నేను కలిపింది కాదు, సెరిక్ ఒట్టేసి చెప్పాడు.

"పెద్ద దేశం ముక్కలయ్యాక వచ్చినవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు," అంది కులాష్. "ఖాళీ ఇళ్లు మిగిలాయి. అప్పుడు వచ్చినదాన్ని నేను. మాది మంగోలియా. మేమూ కజక్‌లమే, తాతల నాడు అటు పోయినవాళ్లం. మీ మట్టికి మీరు తిరిగి రండి అని పిలిస్తే లారీలో పెట్టె, టీ కాచే సమోవర్ వేసుకుని వచ్చాం. నా పిల్లల మాట ఊరివాళ్లకు వింతగా తోచింది. బావి దగ్గర నన్ను పరాయిదానివన్నారు. జర్మన్ ఒకాయన కట్టి వదిలేసిన ఇంట్లో దిగాను. ఆయన పాతిన ఉర్లగడ్డలు తవ్వుకుని మొదటి చలికాలం గడిపాను. కాబట్టి వలస వచ్చేవాళ్లంటే నాకు కోపం లేదు బాబూ. మీరూ రండి. వచ్చిన ప్రతివాడినీ ఊరు అడగవలసిన మాట ఒకటే, ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నాను. చలికాలం నా గొర్రెలు ఎక్కడ నిలబడాలి?"

చూశారా, ఆవిడ ఎంత చిన్న ప్రశ్న అడిగిందో. దానికి రత్నాకర్ ఇచ్చిన జవాబు మాత్రం గుడారం అంత ఉంది. ఫోన్‌లో పటం తీశాడు. పైనుంచి తీసిన ఫొటోలో ఆ లోయ బోసిగా ఉంది, ఇల్లు లేదు, చెట్టు లేదు. ఖాళీ భూమి అన్నాడు. గుండ్రంగా తిరిగే నీటి యంత్రాలు వస్తాయన్నాడు. గొర్రెలకు షెడ్లు కడతామన్నాడు, వాటిలో వేడి పెడతామన్నాడు. ఇంకాసేపు వదిలితే గొర్రెలకు లిఫ్టు కూడా పెట్టేవాడే. మల్లేశ్ ప్రతి మాటకూ తల ఊపాడు. ఊపడా మరి, ఆ తల మీదే కదా ఇంటి బరువంతా ఉంది.

కులాష్ విన్నది. సరే అనలేదు, వద్దనలేదు. ఆవిడ ముఖంలో మెత్తదనం ఒకటి వచ్చింది. ఇంతలేసి మాటలు చెప్పే కొడుకును చూసుకోవడానికి తండ్రి లేకపోయాడే అంది. పేరేమిటని అడిగింది.

"వీరరాఘవరావు," అన్నాడు రత్నాకర్. పేరు కూడా అబద్ధం చెప్పి ఉండవచ్చు, తోచలేదు పాపం.

ఆవిడ ఆ పేరును నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ నోట్లో తిప్పి, మళ్లీ అతికించుకుంది. తలగుడ్డ సర్దుకుని మోకాళ్ల మీద కూర్చుంది. రెండు అరచేతులూ తెరిచి ఆకాశానికి పట్టింది. సెరిక్ కూడా చేతులు తెరిచాడు. అందరినీ తెరవమన్నాడు. పోయినవాళ్ల పేరు విన్నాక వాళ్ల ఆత్మకు నాలుగు మాటలు చదవకుండా తినరట. ఆయన మీ మతంవాడు కాడే అని రత్నాకర్ గొణిగితే, దేవుడు ఎవరి నాన్న గురించి చెప్పినా వింటాడంది కులాష్.

అదీ అతను లెక్కలోకి తీసుకోనిది. ఒక్క మాట అని తల అందుకుని, కోసి, పని కానిచ్చుకుందామనుకున్నాడు. ఆవిడ ఆ మాటను నిజంగా పట్టుకుని ప్రార్థనకు కూర్చుంటుందని అనుకోలేదు. ఇప్పుడు ఆపడానికి లేదు, కానివ్వడానికి లేదు. అరచేతులు తెరిచి కూర్చున్నాడు, మెడ మీద చెమట చొక్కా లోపలికి దారి వెతుక్కుంటూ పోతోంది.

లచ్చన్న చేతులు మాత్రం తెరుచుకోలేదు. దొర మంచివాడా, చెడ్డవాడా అన్నది వేరే సంగతి. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన రోజులు లచ్చన్న మరిచిపోలేదు. అయినా బతికున్న మనిషి పేరు పెట్టి పోయినవాళ్లకు చదివే మాటలు చదవడమంటే, అవి పోయి ఆయన మీద వాలితే? మల్లేశ్ మామ ముఖం చూశాడు. ఆ దవడ ఎప్పుడు అట్లా బిగుస్తుందో అతనికి తెలుసు. మోకాలితో మామ మోకాలిని నొక్కాడు. లచ్చన్న మోకాలు జరుపుకున్నాడు.

కులాష్ పెదవులు కదిలాయి. మొదటి మాట బయటికి రాబోతోంది.

"ఆగమ్మా," అన్నాడు లచ్చన్న. తెలుగులోనే వచ్చేసింది. "గది సదువకు. పెద్దదొర సావలే. పొద్దుగాల నా చేతుల మేకపాలు తాగిండు. చక్కెర తక్కువైందని నన్ను తిట్టిండు."

సెరిక్‌కు అర్థం కాలేదు. లచ్చన్న ఊపిరి పీల్చుకుని హిందీలో అన్నాడు, "ఇస్కా బాప్ జిందా హై, భాయ్."

సెరిక్ ఆ మాటను తల్లికి చేర్చాడు.

"లచ్చన్నా, నీకు నోరు ఎక్కువైంది," అన్నాడు రత్నాకర్. గొంతు పెంచలేదు. "నీ అల్లుని బతుకు నా చేతిల ఉన్నది. అది యాదికుంచుకో."

మల్లేశ్ అంతకంటే మెల్లగా, పళ్ల మధ్య నుంచి అన్నాడు. "ఆయన నాయిన, ఆయన నోరు. నడుమల నీదేం పోయింది మామా?"

"నడుమల నేను పోసిన పాలున్నయి బిడ్డా," అన్నాడు లచ్చన్న.

ఇంకెవరైనా అయితే పళ్లెం ఎత్తి విసిరేవాళ్లు. నేనైతే విసిరేవాణ్ణి, ముందుగా బుగ్గ మాంసం తినేసి. కులాష్ తెరిచిన చేతులకేసి చూసుకుంది. తెరిచాక ఊరికే మూయకూడదంది. అదే పేరు పెట్టి, ఆ పెద్దమనిషి ఇంకా చాలా ఏళ్లు మేకపాలు తాగాలని, చక్కెర తక్కువైందని ఇంకా చాలామందిని తిట్టాలని దీవించి, చేతులను ముఖం మీద తుడుచుకుంది. అప్పుడు రత్నాకర్ వైపు తిరిగింది.

"నీకు ఇంట్లో తల ఉంది నాయనా. నా పళ్లెంలోది ఎందుకు?"

పళ్లెం అతని ముందు నుంచి లేచింది. ఈసారి ఎక్కువసేపు గాల్లో ఆపను, భయపడకండి. అది లచ్చన్న ముందు ఆగింది. అదే ప్రశ్న.

లచ్చన్న తన తండ్రి ఎప్పుడో పోయాడని చెప్పాడు. మంద వెంట వలస పోయినప్పుడు అడవిలోనే పోయాడు, పక్కన మనిషి కూడా లేడు. మొన్న పెత్రమాస నాడు కూడా ఆయన పేరు మీద క్యాంపులో ఒకరికి బియ్యం ఇచ్చానన్నాడు. పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇవ్వడం ఏమిటో సెరిక్ అడిగి తెలుసుకుని తల్లికి చెప్పాడు. తండ్రి ఉన్నవాడు ఆ బియ్యం ఇవ్వడని కూడా చెప్పాడు. కులాష్ లచ్చన్నను చూసింది, ఎప్పుడో తప్పిపోయిన సొంత మనిషి సంతలో ఎదురైనట్టు.

కత్తి లచ్చన్న చేతికి వచ్చింది. బతుకంతా గొర్రెలను కాచాడు గాని గొర్రె ఇంత మర్యాద చేయడం ఇదే మొదలు. ముందు బుగ్గ కోసి కులాష్‌కు పెట్టాడు. చెవులు చిన్నవాళ్లకు పెట్టాలని సెరిక్ చెప్పాడు, పెద్దల మాట చెవిన పెట్టాలని అలా చేస్తారట. లచ్చన్న ఒక చెవి కోసి మల్లేశ్ ముందు పెట్టాడు. రెండోది పట్టుకుని అటూ ఇటూ చూశాడు. రత్నాకర్ ముందు పెట్టాడు.

"తీసుకోండ్రి సారూ. మెత్తగ ఉడికింది."

సెరిక్ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. గుర్రాల కొట్టం మనిషి, నవ్వు ఆపుకోవడానికి కూడా గట్టి కళ్లెం కావాలి.

అప్పుడు కులాష్ అసలు మాట అడిగింది. నువ్వు నా అతిథివి, గొర్రెల మనిషివి, దున్నడానికి వచ్చేవాళ్లలో నీ బిడ్డ పెనిమిటి ఉన్నాడు. ఇటూ నీదే, అటూ నీదే. భూమి ఇవ్వనా, మాననా? నువ్వు ఏది చెబితే అది చేస్తానంది. రత్నాకర్ చేతిలోంచి మాట జారి వెళ్లి కాపరి ఒళ్లో పడింది.

మల్లేశ్ మామ కేసి చూశాడు. ఊళ్లో పెళ్లాం, కడుపుతో ఉంది, లచ్చన్న బిడ్డే. ఆ చూపులోనే అంతా ఉంది. లచ్చన్న ఆ చూపును తప్పించుకోలేదు. సలహా అడుగుతున్నట్టు గొర్రె తలను చూశాడు. దానికీ తెలిసినట్టు లేదు.

"ఈడ గూసుండి నేనెట్ల జెప్త?" అన్నాడు చివరికి. "గా దొడ్డి ఒక్కపారి సూడాలె."

చూడటం ఎంతసేపు అన్నాడు సెరిక్. మందను కాస్తున్న తమ్ముడికి వీడియో కాల్ చేస్తానన్నాడు. రత్నాకర్ గబుక్కున లేచాడు. అక్కడ నెట్‌వర్క్ ఉండదన్నాడు. నిన్ననే మాట్లాడానని సెరిక్. ఇప్పుడు అక్కడ చలి, ఫోన్ పని చేయదని రత్నాకర్. ఫోన్‌కు లేని చలి నీకెందుకు తగులుతోందన్నట్టు కులాష్ అతని కేసి చూసింది. సెరిక్ బొటనవేలు అప్పటికే నొక్కేసింది.

మోగింది. ఎత్తారు.

తెర నిండా గాలి. గాలి కనబడుతుందా అంటారేమో, ఆ గాలి కనబడుతుంది. తమ్ముడి ముఖం ఒక్క క్షణం మెరిసి, అతను ఏదో అరుస్తూ ఫోన్ అటు తిప్పాడు. గట్టు, గట్టు కింద లోయ, లోయ మూతి దగ్గర వరుసగా పాతిన ఇనుప గుంజలు. గుంజలకు ఇవతల గొర్రెలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, లోపలికి దారి లేక నిలబడి ఉన్నాయి. ఒక యంత్రం ఇంకో గుంజకు గుంట తవ్వుతోంది. నలుగురైదుగురు మనుషులు తీగ లాగుతున్నారు. వాళ్లలో మంకీ క్యాప్ పెట్టుకున్నవాడు ఒకడు ఇటు వీపు పెట్టి మిగతావాళ్ల మీద అరుస్తున్నాడు.

ఆ అరుపు, సజ్జా ఎండలో, గుడారం మధ్యన, శుభ్రమైన జగిత్యాల తెలుగులో వినిపించింది.

"యల్లా యల్లా, గట్టిగ గుంజుండ్రి. ముసలామె తిరిగి అచ్చేలోపట కంచె పూర్తి గావాలె. ముదీర్ సాబ్ చెప్పిండు."

కులాష్‌ను విమానమెక్కించింది విందుకు కాదు, లోయకు కంచె వేసేదాకా అడ్డు లేకుండా చేయడానికి.

మల్లేశ్ ఫోన్ మీదికి వంగాడు. మంకీ క్యాప్ మనిషి ముక్కు తుడుచుకోవడానికి ఇటు తిరిగాడు. రాజలింగు. మల్లేశ్ సొంత అన్న. ఎక్కడో రువైస్ ఫ్యాక్టరీలో పని మీద పంపామని, అక్కడ ఫోన్లు లోపలికి రానివ్వరని, కంపెనీ ఇన్నాళ్లూ చెబుతూ వచ్చిన అన్న.

కులాష్‌కు ఆ భాష తెలియదు. కాని గుంజలు కనిపించాయి, గొర్రెలు కనిపించాయి. తెలుగువాళ్ల ముగ్గురి ముఖాలు ఒక్కసారే తెల్లబోవడం కనిపించింది. ఆవిడ లేచి నిలబడింది. కొడుకుతో రెండు ముక్కలు అంది. సెరిక్ లచ్చన్న వైపు తిరిగాడు, ఈసారి నవ్వు లేదు.

"ఆ మనిషి మీ భాషే మాట్లాడుతున్నాడు. ఏమంటున్నాడని అమ్మ అడుగుతోంది."

రత్నాకర్ తల అడ్డంగా ఊపాడు. మల్లేశ్ రెండు చేతులతో మామ చెయ్యి పట్టుకున్నాడు. "అన్న ఉన్నడు మామా," అన్నాడు. "ఆని పేరు చెప్పకు."

లచ్చన్న కత్తి కింద పెట్టి కులాష్ వైపు తిరిగాడు. "అమ్మా," అన్నాడు.